దీర్ఘవ్యాధులు గల స్త్రీలు – సంతాన నియమనము



నేటి ప్రసంగవిషయము వినినంతనే మీలో కొందరు "ఇది ఆడువారి సంగతి, మాతో చెప్పనేల?" అని యనుకొనవచ్చును. కావలెననియే మీతో చెప్పుచున్నాను. హాలియా పరిసరములందలి యొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నేను పెక్కేండ్లు వైద్యురాలిగా పనిచేసితిని. ఆ కాలమున నాయొద్దకు వచ్చిన యువతులలో, తన శరీరమునుగూర్చి తానే నిశ్చయించుకొని వచ్చినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. "మా అత్తమ్మ నడిగి చెప్పుత", "మా మామ ఒప్పుకోవాలె" అను మాటలే నిత్యము వింటిని. ఈ యాచారము మంచిదని నేననను. కాని నిశ్చయము మీ చేతిలో నున్నంతకాలము, తెలియవలసిన సంగతులును మీకు తెలిసియుండవలెను గదా.

మన జిల్లాకు మెల్లమెల్లగా వచ్చు జబ్బు క్రొత్తది కాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో భూగర్భజలమందలి ఫ్లోరైడు మనుష్యుల నడుములను వంచిన కథ మీరెరిగినదే. ఆ నీరు త్రాగినవాడు మరునాడే పడిపోలేదు. ఏండ్లు గడచిన పిమ్మట గాని ఎముక వంగలేదు. రక్తపు పోటు, మధుమేహము, గుండె కవాటముల జబ్బు, మూర్ఛ మొదలగునవియు నట్టివే. ఇవి యున్న స్త్రీ ప్రొద్దున లేచి వాకిలి ఊడ్చును, నాటుకు పోవును, కలుపు తీయును, మోపు మోసికొని వచ్చును. కావున ఇంటివారామెను ఆరోగ్యవంతురాలనియే తలతురు. గర్భము ధరించినప్పుడు లోపలి జబ్బు ఒక్కుమ్మడిగా బయటపడును. గర్భిణి శరీరమున రక్తము పరిమాణము ఇంచుమించు సగమువంతు పెరుగును. ఆ పెరిగిన రక్తమునంతయు గుండె త్రోయవలెను, మూత్రపిండములు వడియగట్టవలెను. బాగుగా నున్న యెద్దు బరువు బండిని చెరువుకట్ట ఎక్కించును. కాలికి కురుపున్న యెద్దు కట్ట నడుమ కూలబడును.

ఇట్టి స్త్రీలకు గర్భము ఎప్పుడు రావలెను, ఎప్పుడు రాకూడదు, రాకుండుటకు ఏ పద్ధతి మేలు, ఏ పద్ధతి కీడు అనునదే నేటి విషయము. మొదట నా తప్పొకటి చెప్పుకొందును.

నేను ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరమది. ఒకనాడు తండానుండి యొక యువతి వచ్చినది. వయస్సు ఇరువదియారు. ఇద్దరు బిడ్డలు, చిన్నదానికి పాలు మాన్పి కొన్ని నెలలైనది. ఆమె గర్భము రాకుండ మాత్రలు కావలెనని యడిగెను. వరుసలో ఇంకను ఎనుబదిమంది నిలిచియుండిరి. మాలా-ఎన్ మాత్రల అట్టలు మూడు ఆమె చేతబెట్టి, వాడు విధము చెప్పి పంపివేసితిని. చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటు చూచుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములు నేను వెచ్చింపలేదు. మూడవ నెలలో ఆమెను ఆటోలో పండుకొనబెట్టి తెచ్చిరి. తల పగిలిపోవుచున్నదనియు, కన్నుల యెదుట మిణుగురులు తిరుగుచున్నవనియు చెప్పెను. పోటు చూడగా పైది 180, క్రిందిది 110 ఉండెను. రెండవ కానుపునాడు కాళ్లు వాచినవనియు, పోటు పెరిగినదని నల్లగొండకు పంపిరనియు అప్పుడు ఆమె తల్లి చెప్పినది. నేనడుగలేదు గనుక వారు మొదట చెప్పలేదు. మాత్రలు మాన్పించి, పోటునకు మందిచ్చి, కుదుటబడిన పిమ్మట ఆమెకు కాపర్-టి అమర్చితిమి. ఆమె సుఖముగనే యున్నది. కాని ఆనాడు మెదడులో నరము చిట్లినను, రక్తము గడ్డకట్టి ఒక ప్రక్క పడిపోయినను, దానికి కారణము నేనిచ్చిన అట్టయే యగును. ఆ దినము మొదలు పట్టీ చుట్టక మాత్రల అట్ట నెవరికిని ఈయలేదు.

ఆ మాత్ర చెడ్డదని దీనివలన తలపకుడు. ఆరోగ్యముగల కోట్లకొలది స్త్రీలు ప్రపంచమంతట దానిని వాడుచున్నారు. దానియందు రెండు విధముల హార్మోనులు కలవు. అందు ఈస్ట్రోజెనను దానికి రక్తము గడ్డకట్టు గుణమును హెచ్చించు స్వభావము కలదు. కొందరియందు పోటును గూడ పెంచును. మంచి నరములు గల యువతికి అది లెక్కకు రాదు. పోటున్నదానికి వచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1996లో మొదట ప్రకటించి, పిమ్మట పలుమారులు సవరించిన పట్టిక యొకటి కలదు. ఏ జబ్బు గలవారికి ఏ పద్ధతి తగునో అందు నాలుగు తరగతులుగా నిర్ణయించినారు. మన హాలియా వాగుతో పోల్చి చెప్పెదను. మొదటి తరగతి ఎండకాలపు వాగు: ఇసుకమీద నడచిపోవచ్చును. రెండవది చీలమండలోతు నీరు: చూచి అడుగు వేసిన చాలును. మూడవది రొమ్ములోతు: వేరు దారి లేనప్పుడు, ఈత వచ్చినవాని తోడుండగా తప్ప దిగరాదు. నాల్గవది వరద: ఎంతటివాడైనను ఒడ్డుననే నిలువవలెను. ఒకే మాత్ర ఒక కోడలికి ఎండకాలపు వాగు, పొరుగింటి కోడలికి వరద. ఇది తెలియక "ఫలానావారి కోడలు వాడినది, ఏమియు కాలేదు" అని చెప్పుకొనుటవలననే పల్లెలలో సగము చిక్కులు వచ్చుచున్నవి.

ఈ పట్టికను చూచునప్పుడు మరువరాని సంగతి యొకటి కలదు. మందువలన ప్రమాదమెంత యని యందరును అడుగుదురు. గర్భము వచ్చినచో ప్రమాదమెంత యని యడుగువారు తక్కువ. తక్కెడకు పళ్లెములు రెండు గదా! గుండెజబ్బు గల స్త్రీకి కాపర్-టి వలన కలుగు ఇబ్బంది యొక పళ్లెమునను, గర్భమువలన కలుగు ప్రాణభయ మొక పళ్లెమునను పెట్టి చూచినగాని తూనిక సరికాదు.

ఇక జబ్బులవారీగా కొంత చెప్పెదను. అన్నియు చెప్పుటకు సమయము చాలదు.

రక్తపు పోటు పైది 140 గాని, క్రిందిది 90 గాని దాటినవారికి ఈస్ట్రోజెను గల మాత్ర మూడవ తరగతి. పైది 160 గాని, క్రిందిది 100 గాని చేరినచో నాల్గవది. మందు వాడి పోటు అదుపులో నున్నను ఆ మాత్ర జోలికి పోకుండుటయే మేలు. పొగ త్రాగు అలవాటుండి ముప్పదియైదేండ్లు నిండిన స్త్రీకిని ఇదే మాట. మన పల్లెలలో చుట్ట కాల్చు ఆడువారు పూర్వమంత లేకున్నను అసలు లేకపోలేదు. ఇట్టివారికి కాపర్-టి మొదటి తరగతి. అందు హార్మోనేమియు లేదు; సన్నని రాగితీగె గర్భాశయమున నుండి పనిచేయును. ఒకసారి అమర్చినచో, రకమునుబట్టి అయిదేండ్లు గాని పదియేండ్లు గాని చాలును. తీసివేసిన వెంటనే మరల గర్భము ధరింపవచ్చును. "అది పైకి ప్రాకి గుండెకు చేరును" అను మాట యింకను వినవచ్చుచున్నది. 1965లో లూపు అను సాధనము మన దేశమునకు వచ్చినప్పటి భయములు, సాధనము మారినను, అట్లే నిలిచినవి. గర్భాశయమునుండి గుండెకు దారి లేదు.

రక్తహీనత గలవారికి మాత్రము కాపర్-టి విషయమున కొంచెము జాగ్రత్త యవసరము; ముట్టు మొదటి నెలలలో కొంత హెచ్చుగా నగును. మన స్త్రీలలో రక్తహీనత లేనివారిని వెదకవలసియున్నది గావున, ఇనుము మాత్రలు తోడుగా నీయవలెను. థైరాయిడు మాత్రలు వాడువారికి ఏ పద్ధతికిని అడ్డులేదు. ఆ మాత్రలు మానకున్న చాలును.

మధుమేహమును గూర్చి యొక సంగతి పెద్దలు శ్రద్ధగా వినవలెను. గర్భమున శిశువు గుండె, వెన్నెముక, మెదడు మొదటి కొలది వారములలోనే రూపు కట్టును. తల్లి "నెల తప్పినది" అని తెలిసికొనునప్పటికే ఆ పని చాలవరకు జరిగిపోవుచుండును. ఆ దినములలో ఆమె రక్తమున చక్కెర హెచ్చుగా నున్నచో శిశువునకు అవయవలోపములు కలుగు భయము అధికము. కావున మధుమేహము గల యువతి మొదట చక్కెరను అదుపునకు తెచ్చుకొని, పిదప గర్భము ధరింపవలెను. ఆ నడుమ కాలమునకు గర్భనిరోధ మవసరము. సంతాననియమన మనగా సంతానమును మాన్పుటయే యని మీరనుకొందురు. ఇక్కడ అది మంచి సంతానమునకై కాచుకొనుట. విత్తనములు చేతనున్నవి గదా యని పదును లేని దుక్కిలో చల్లుదురా? ఈ జబ్బు ముదిరి కన్నులకో మూత్రపిండములకో తగిలియున్నచో ఈస్ట్రోజెను మాత్రయు, మూడునెలల సూదియు తగవు, కాపర్-టి తగును.

వాడుచున్న మందుల మాటయు ఇక్కడనే చెప్పవలెను. పోటునకిచ్చు టెల్మిసార్టాను, మూర్ఛకిచ్చు వాల్‌ప్రోయేటు, కృత్రిమ కవాటము గలవారికిచ్చు వార్‌ఫారిను — ఇవి తల్లికి మేలు చేయునవే, గర్భస్థశిశువునకు కీడు చేయునవి. అట్లని వినినవెంటనే మాత్రలు పారవేయరాదు. అంతకంటె ప్రమాదము వేరొకటి లేదు. ఆ మందులు వాడు యువతి గర్భము ధరింపదలచినప్పుడు ముందుగా వచ్చి చెప్పినచో వైద్యుడు మందు మార్చును.

మూర్ఛకును క్షయకును ఇచ్చు కొన్ని మందుల గుణము మరియొకటి కలదు. క్షయరోగికిచ్చు రిఫాంపిసిను మ్రింగినచో మూత్రము ఎఱ్ఱగా వచ్చుట మీలో పలువురు చూచియుందురు. ఆ మందును, మూర్ఛకిచ్చు ఫెనిటాయిను, కార్బమజెపీను, ఫీనోబార్బిటోను అను మందులును కాలేయమును మేల్కొలిపి, దాని పనిని వేగిరము చేయును. మేల్కొన్న కాలేయము గర్భనిరోధపు మాత్రను గూడ త్వరత్వరగా కరగించి బయటికి పంపివేయును. ఆమె దినదినమును తప్పక మాత్ర మ్రింగుచునేయుండును. మాత్ర మాత్రము పనిచేయదు. ఒక యువతి యిట్లు మూడవమారు గర్భవతియైనప్పుడు, "మాత్ర మింగక అబద్ధమాడినది" అని అత్తగారు ఇల్లెల్ల కేకలు వేసినది. అట్ట ఖాళీగా నున్నది, ఆమె దానిని చూపుచునే యున్నది, ఎవరును నమ్మలేదు. నేను అత్తగారిని కూర్చుండబెట్టి కాలేయము సంగతి చెప్పితిని. ఆమెకెంత అర్థమైనదో చెప్పజాలను గాని, కేకలు మానినది. ఇట్టివారికి మూడునెలల కొకమారు వేయు 'అంతర' సూది గాని, కాపర్-టి గాని తగును. ఆ మందులు వాటి శక్తిని తగ్గింపవు. అంతర సూదిని 2017 నుండి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ నీయ నారంభించిరి. అది మానిన పిమ్మట మరల గర్భము నిలుచుటకు కొన్ని నెలలు ఆలస్యమగును; అది సహజము, గొడ్రాలితనము కాదు.

'ఛాయ' యను మాత్రయు నుచితముగనే యిచ్చుచున్నారు. అది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున మనదేశపు శాస్త్రజ్ఞులు కనిపెట్టినది, హార్మోను లేనిది. మొదటి మూడునెలలు వారమునకు రెండు, పిమ్మట వారమునకొకటి. పాలిచ్చు తల్లులకును మంచిదే. కాని ఇటీవల కామెర్లు వచ్చినవారును, కాలేయము, మూత్రపిండముల జబ్బు గలవారును, క్షయరోగులును దానిని వాడరాదు. హార్మోను లేదు గదా యని అందరికిని పంచిపెట్టరాదని దీని తాత్పర్యము.

ఇప్పుడు మీతో కొంచెము కఠినముగా మాటలాడవలసియున్నది. మూర్ఛ గల పిల్లయొకతె నాయొద్దకు వచ్చెడిది. పెండ్లియై రెండేండ్లు. తన మాత్రలను కుంకుమ భరిణెలో దాచుకొని, పసుల కొట్టములోనికి పోయి మ్రింగెడిదట. జబ్బు సంగతి దాచి పెండ్లి చేసిరి. అత్తవారింట తెలిసినచో పుట్టింటికి పంపివేయుదురని భయము. వైద్యశాలకు అత్తగారు వెంట వచ్చినది గావున, "ఏ మందులైన వాడుచున్నావా?" అని నేనడిగినప్పుడు "లేదు" అని తలయూపినది. ఆ 'లేదు' అను మాటను నమ్మి ఏ మాత్ర ఇచ్చినను వ్యర్థమే గదా! అత్తగారిని బరువు చూచుకొనుటకు వేరు గదికి పంపి, మరల నడిగితిని. అప్పుడు ఏడ్చినది.

ఆ సంబంధమును కుదిర్చినవారు మీవంటి పెద్దలే. మూర్ఛ యున్నదని చెప్పినచో పిల్లకు పెండ్లి కాదని దాచుదురు. హిందూ వివాహ చట్టములో మూర్ఛను వివాహమునకు అడ్డముగా వ్రాసిన మాట నిజమే. కాని 1999లో చేసిన సవరణవలన ఆ మాట తీసివేయబడినది. మందులు వాడుచు, మూర్ఛలు రాకుండ, బిడ్డలను కని పెంచుకొనుచున్న స్త్రీలు అనేకులు కలరు. చట్టము విడిచిపెట్టిన దానిని గ్రామము పట్టుకొని వ్రేలాడుచున్నది. పిల్లపెద్దలు చెప్పుటకును, పిల్లవానిపెద్దలు వినుటకును వీలైన యూరిలో, ఆ భరిణె యవసరముండదు.

మరియొక లోపము మా వైద్యశాలలదే. పోటు, చక్కెర పరీక్షించు జాతీయ కార్యక్రమము ముప్పదియేండ్లు నిండినవారికై 2017 నుండి యేర్పడినది. మన పల్లెలలో స్త్రీలు ఇరువదియైదేండ్లు దాటునప్పటికి పెండ్లి, ఇద్దరు బిడ్డలు, శస్త్రచికిత్స, అన్నియు ముగించుకొనుచున్నారు. అనగా గర్భనిరోధపు పుస్తకమున పేరున్న దినములలో ఆమెకు పోటు చూచువారు లేరు. పోటు పుస్తకమున పేరెక్కునప్పటికి గర్భనిరోధమును గూర్చి యడుగువారు లేరు. రెండు పుస్తకములు రెండు బల్లలపై నుండును, ఇద్దరు వేర్వేరుగా వ్రాయుదురు. నేను పనిచేసినచోట ఆ రెండు బల్లలను ప్రక్కప్రక్కన వేయించుటకు ఎనిమిది నెలలు పట్టినది. నవ్వకుడు, ప్రభుత్వపు బల్ల జరుపుట చెరువు తూము జరుపుటకంటె కష్టము. 2023 మార్చి 8వ తేదీన తెలంగాణ ప్రభుత్వము 'ఆరోగ్య మహిళ' యను పేర మంగళవారములందు స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు ఆరంభించినది. గర్భిణులకై ప్రతి నెల 9వ తేదీన పరీక్షలు చేయుట 2016 నుండి యేర్పడినది. ఇట్టి దినములలో ఆశా కార్యకర్త మీ యింటికి వచ్చి పిలిచినప్పుడు, "నాట్లున్నవి, తరువాత చూతము" అని త్రిప్పి పంపకుడు. పంపునప్పుడు, ఇంటనున్న మాత్రల అట్టలన్నిటిని, ఖాళీవైనను, సంచిలో వేసి పంపుడు. పాత కానుపు కాగితములును పంపుడు. "తెల్లమాత్ర, గుండ్రనిది" అని చెప్పినచో ఎంతటి వైద్యునికిని తెలియదు.

శస్త్రచికిత్స మాట మిగిలినది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి, తెలంగాణమున నలుబదితొమ్మిదేండ్లలోపు వివాహిత స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. చేయించుకొన్న పురుషులు అత్యల్పము. అలవాటైనది గావున ఇది తేలిక పని యని యెంచుచున్నారు. 2022 ఆగస్టు 25వ తేదీన మన పొరుగు జిల్లాలోని ఇబ్రహీంపట్నమున ఒక్కనాడు 34 మందికి ఈ చికిత్స చేయగా, తరువాత వారిలో నలుగురు యువతులు మరణించిరి. వారు ఆరోగ్యవంతులని యెంచి చికిత్స చేసినవారే. ఇక జబ్బు గలవారి మాట వేరుగా చెప్పవలెనా? గొట్టముతో చూచి చేయు పద్ధతిలో కడుపులోనికి వాయువు నింపి, తల క్రిందికి వంచి పండుకొనబెట్టుదురు. ఊపిరి చాలని గుండెకు అది పెద్ద బరువు. పోటు, చక్కెర అదుపులో లేనివారికిని, రక్తము మిక్కిలి తక్కువగా నున్నవారికిని, మొదట వానిని సరిచేసిన పిమ్మటనే చేయవలెను. గుండెజబ్బు గలవారికి అన్ని వసతులు గల పెద్ద వైద్యశాలలోనే చేయవలెను. ఇంతకును, భార్య గుండె బలహీనమైనప్పుడు భర్త యేల చేయించుకొనరాదు?

ఈ ప్రశ్న నేనొక మామగారి నడిగితిని. ఆయన కోడలికి ఇరువదిమూడేండ్లు. చిన్ననాడు గొంతునొప్పి, కీళ్లనొప్పులతో జ్వరము వచ్చి, అది గుండె కవాటమును ఇరుకు చేసి పోయినది. ఎవరును గమనింపలేదు. రెండవ కానుపు ఎనిమిదవనెలలో ఆమె పండుకొనలేక, గోడకానుకొని కూర్చుండియే తెల్లవారజేసెడిది. హైదరాబాదులో కానుపు చేసి తల్లిని బిడ్డను దక్కించిరి. గుండెవైద్యులు మరియొక గర్భము వలదని గట్టిగా చెప్పి పంపిరి. పుట్టినవారు ఇద్దరును ఆడపిల్లలు.

మామగారు మంచివారే. కోడలిని కూతురివలె చూచువారే. "అమ్మా, ఒక్క మగపిల్లగాడు పుడితే సాలు, మందులు ఎంతకైనా కొనిస్త" అనెను. నేను చెప్పితిని: "పెద్దయ్యా, కొనుటకు దొరకునది మందే గాని గుండె కాదు. మూడవ కానుపున ఈ ఇద్దరు పిల్లలకు తల్లి లేకుండ పోవచ్చును." ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే కోడలికి ఆపరేషన్ చేయిద్దాం" అనెను. ఆమెకు మత్తిచ్చుటయే ప్రమాదమని చెప్పి, మీ కుమారునికి చేయింపవచ్చుననగానే ఆయన ముఖము మారినది. కుమారుడు బియ్యపు మిల్లులో బస్తాలు మోయువాడు. బలము పోవునని ఆయన భయము. అంతేగాక, 1976లో జీపు వచ్చినదని తెలిసి రాత్రి జొన్నచేనిలో దాగిన సంగతి ఆయనే చెప్పెను. ఆ యేడు దేశమంతట లక్షలమంది పురుషులకు, పెక్కుచోట్ల బలవంతముగా, ఈ చికిత్స జరిగినమాట నిజము. ఆ భయమును నేను వెక్కిరింపలేదు. ఆనాటి తప్పునకు ఫలము నేటికిని ఆడువారే అనుభవించుచున్నారు.

ఆయనకు నేను చెప్పినదిది. ఇప్పటి పద్ధతిలో కత్తికోత లేదు, కుట్లు లేవు. చర్మమునకు మాత్రమే మొద్దుబారు సూది వేసి, చిన్న రంధ్రముగుండ సన్నని నాళమును కట్టి విడదీయుదురు. పావుగంట పని. పురుషత్వము నిచ్చు పదార్థము ఆ నాళమున పోదు. అది వృషణములనుండి రక్తములో కలియును. కావున గడ్డము, గొంతు, బలము, సంసారసుఖము అన్నియు ఎప్పటివలెనే యుండును. ఒక వారము బస్తాలు మోయరాదు. మూడునెలలవరకు నిరోధ్ గాని వేరొక పద్ధతి గాని తప్పక వాడి, పిమ్మట వీర్యపరీక్ష చేయించుకొనవలెను. ఈ మూడునెలల సంగతి మరచినవారే "ఆపరేషన్ పనిచేయలేదు" అని భార్యలను అనుమానించి ఇండ్లు చెరుపుకొనుచున్నారు.

చట్టపు సంగతియు చెప్పితిని. స్త్రీ కైనను పురుషునికైనను ఈ చికిత్సకు చేయించుకొనువారి సమ్మతి చాలును. జబ్బు గల స్త్రీకి గర్భము నిలిచి ప్రాణభయమున్నచో, 1971లో చేసి 2021లో సవరించిన చట్టమునుబట్టి వైద్యుల సలహాతో దానిని తొలగింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండినదైనచో ఆమె సమ్మతియే చాలును, మామగారి సంతకము అక్కరలేదు. ఈ మాట వినగా ఆయనకు కొంచెము కోపము వచ్చినట్లే తోచినది.

ఇంత జరుగుచుండగా కోడలు గోడప్రక్కన చిన్నబిడ్డ నెత్తుకొని నిలిచియేయున్నది. ఆమె నెవరును అడుగలేదని నాకు అప్పుడు తోచినది. "నీకేమి కావలెనమ్మా?" అంటిని. "నాకు పండుకొని నిద్రపోవాలెనని ఉన్నది" అని మాత్రము చెప్పినది.

ఆనాడు ఆమెకు అంతర సూది వేసి పంపితిమి. కవాటపు జబ్బు గలవారికి దానివలన అడ్డులేదు. మామగారు అవునని గాని కాదని గాని చెప్పక వెడలిపోయెను. మూడువారములైన పిమ్మట, మధ్యాహ్నము రోగులందరు పోయిన వేళ, మిల్లు దుమ్ము తలపై నుండగనే కుమారుడొక్కడే వచ్చి, నల్లగొండకు ఏ దినమున పోవలెనని యడిగెను. తండ్రి పంపెనా, తానే వచ్చెనా యని నేనడుగలేదు. చీటి వ్రాసి యిచ్చితిని. ఆమె మూడువారముల కొకమారు పెన్సిలిన్ సూదికై వచ్చుచునే యుండెడిది. పెద్దపిల్ల చేయి పట్టుకొని వచ్చెడిది.